వాడు నన్ను చూశాడా, లేదా?

తెర ఉన్న కళ్లజోళ్ల గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట. ఫోను మన తల దించేసిందట, ఈ కళ్లజోడు మళ్లీ తలెత్తిస్తుందట. మెసేజి కళ్ల ముందే, దారి చూపించే బాణం కళ్ల ముందే, ఇక ఫోను చూస్తూ నడిచి గుంతలో పడే బాధ లేదట. వినడానికి బాగానే ఉంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో కళ్లద్దాల షాపు పెట్టుకున్న నాబోటివాడికి ఇందులో నాలుగు డబ్బులు కూడా ఉన్నాయి. బెంగళూరులోనో మద్రాసులోనో ఉద్యోగం చేసుకునే పిల్లలు పండక్కి వస్తూ వస్తూ ఈ కళ్లజోళ్లు తెస్తున్నారు. "అన్నా, దీనికి పవర్ అద్దాలు వేసిస్తావా?" అని అడుగుతున్నారు. వేసిస్తున్నాను కూడా.

అయినా ఆ తలెత్తే మాట మీద నాకు నమ్మకం కుదరడం లేదు. తల పైకి ఉన్నంత మాత్రాన మనిషి ధ్యాస రోడ్డు మీద ఉన్నట్టు కాదు, ఇది ఎవరైనా ఒప్పుకుంటారు. నా అభ్యంతరం దానితో ఆగదు. తల దించుకుని ఫోను చూస్తూ నడిచేవాడి సంగతి ఎదుటివాడికి కనీసం దూరం నుంచే తెలిసిపోతుంది. వీడు ఈ లోకంలో లేడు, మనమే తప్పుకోవాలి అని ఆటోవాడు హారన్ కొట్టి పక్కకి కోస్తాడు. తలెత్తుకుని, సూటిగా మన వైపే చూస్తూ, లోపల తెర చదువుకుంటూ వచ్చేవాడి సంగతి మాత్రం ఎవరికి తెలుస్తుంది? పెట్టుకున్నవాడికి చుట్టుపక్కల ధ్యాస ఉండాలంటే ఏం చేయాలని కంపెనీలు బాగానే ఆలోచిస్తున్నాయి. వాడి ధ్యాస ఎక్కడుందో చుట్టుపక్కల వాళ్లకి తెలియాలంటే ఏం చేయాలన్నది ఆ లెక్కలోకి వచ్చినట్టు లేదు. నా దృష్టిలో రెండోది లేకుండా మొదటిది కుదరదు, ముఖ్యంగా మన రోడ్ల మీద.

అరటిపళ్ల బండి

సంక్రాంతి రోజుల్లో ఒక అబ్బాయి అట్లాంటి జోడు తెచ్చాడు. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. అద్దంలో ఓ మూలన చిన్న తెర. అడుగు దూరంలో నిలబడి చూసినా ఆ తెర వెలుగుతోందో ఆరి ఉందో నాకు అంతుబట్టలేదు. అద్దాన్ని వెలుతురుకి వంచి చూసి పూత ఎక్కడ లేచిందో, గీత ఎక్కడ పడిందో చెప్పేవాణ్ణి. అట్లాంటిది నాకే తెలియలేదంటే రోడ్డున పోయేవాడి సంగతి చెప్పేదేముంది.

ఎండలో తెర ఎంత బాగా కనపడుతుందో చూద్దామని షాపు మెట్లు దిగి, ఎదురుగా టీ కొట్టు వైపు నడిచాడు. అటునుంచి ఒక అరటిపళ్ల తోపుడు బండి, మామూలుగానే రాంగ్ సైడులో, వస్తోంది. నేను మెట్ల మీదే ఉన్నాను. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా, పదడుగుల దూరం నుంచి, మొహాలు చూసుకుంటూనే వచ్చారు. ఇద్దరూ ఆగలేదు. బండి ముందు చక్రం అబ్బాయి కాలి బొటనవేలు మీదికెక్కింది, గోరు సగానికి చీలింది. నాలుగైదు అరటిపళ్ల హస్తాలు జారి రోడ్డున పడ్డాయి. వెనకొచ్చే స్కూటరు రెండింటిని తొక్కుకుంటూ పోయింది.

గొడవ పెద్దదేం కాలేదు. అబ్బాయి డబ్బులిచ్చాడు. బండాయన తీసుకోలేక తీసుకున్నాడు. కానీ ఆయన నాతో అన్న మాట మాత్రం మర్చిపోలేదు. "నా మొహంలోకే చూస్తా వచ్చినాడు సామీ. చూసినాడు, ఆగతాడులే అనుకున్నా. ఫోను చూస్తా వచ్చుంటే నేనే కేకేసుందును."

అబ్బాయిని అడిగితే, బండి కనపడుతూనే ఉందన్నాడు. అద్దం ఏమీ అడ్డు రాలేదన్నాడు. వాళ్ల ఆఫీసు మెసేజి ఏదో వచ్చింది, రెండు లైన్లు, అంతే.

మా నెల్లూరు గాంధీబొమ్మ దగ్గరో వీఆర్సీ సెంటర్లోనో రోడ్డు దాటిన వాళ్లెవరికైనా ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. చెయ్యి కొంచెం ఎత్తుతాం, వచ్చే బండివాడి మొహంలోకి చూస్తాం. వాడు కాలు బ్రేకు మీదికి తెచ్చినట్టో, "పో పో" అని తల ఊపినట్టో కనపడితే అడుగేస్తాం. తల అడ్డంగా ఊపితే ఆగుతాం. ఈ బేరమంతా రెండు క్షణాల్లో, మొహాలతోనే తెగిపోతుంది. సిగ్నల్ లైట్లకంటే మన ఊళ్లో ఎక్కువమందిని ప్రాణాలతో ఇంటికి చేరుస్తున్నది ఈ చూపులే అని నా నమ్మకం. తెర కళ్లజోడు దెబ్బ కొట్టేది సరిగ్గా దీన్ని. మొహం ఇటే ఉంటుంది, చూపు ఇటే ఉంటుంది, బేరానికి మాత్రం మనిషి ఉండడు.

మా బావ చీమకుర్తిలో గ్రానైటు క్వారీ సూపర్వైజరు. ఈ కథ చెప్తే ఆయనకి వింతగా ఏమీ అనిపించలేదు. డంపర్లు తిరిగేచోట కొత్తగా పనిలోకి వచ్చినవాడికి మొదట నేర్పేదే ఇదట. "డ్రైవరు మొహం నీకు కనపడాల, నీ మొహం వాడికి కనపడాల, వాడు చెయ్యెత్తాల. అప్పుడు గానీ అడుగెయ్యొద్దు." అంత ఎత్తు బండికి ముందూ పక్కలా డ్రైవరుకి కనపడని జాగా చాలా ఉంటుంది. మనకి బండి కనపడటం లెక్కలోకి రాదు, మనం వాడికి కనపడ్డామని మనకి తెలియాలి. తెర కళ్లజోడు పెట్టుకున్న డ్రైవరు చెయ్యెత్తితే? అని అడిగాను. "ఎత్తినా నమ్మను బావా. దేనికెత్తాడో ఎవడికి తెలుసు?" అన్నాడు.

అద్దాలవాడిగా నాకు తెలిసిన కొంత

ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పవర్ ఉండేవి, మొదటిసారి పెట్టుకున్నవాళ్లకి మేం షాపులోనే చెప్పి పంపుతాం. మెట్లు దిగేటప్పుడు గడ్డం కిందికి ఆనించి అద్దం పైభాగంలోంచి చూడండి, కింది భాగం చదువుకోవడానికి చేసింది, అందులోంచి మెట్టు మసగ్గా కనపడుతుంది అని. ఎంత చెప్పినా, వారం తిరక్కుండానే మెట్టు తప్పామని వచ్చే పెద్దమనుషులుంటారు. ఆ తర్వాత అలవాటైపోతుంది. ఎందుకంటే ఆ మసక రోజూ ఒకేచోట ఉంటుంది, మెదడు దాన్ని లెక్కలో వేసేసుకుంటుంది. తెరకి అట్లా అలవాటు పడటం కష్టం. అది నిమిషానికోటి కొత్తగా చూపించడానికే ఉంది. మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసిందంటే ఇక ఆ వస్తువు కొన్నది దేనికి?

చెవుల మీదికి పోయే కాడల సంగతి కూడా చెప్పాలి. మామూలు ఫ్రేము కాడ సన్నంగా ఉంటుంది. వీటిలో బ్యాటరీ, బోర్డు, స్పీకరు అన్నీ కాడలోనే కూరతారు కాబట్టి వెడల్పుగా ఉంటుంది. పక్క చూపుకి అదే గోడ. 2014లో అమెరికన్ వైద్య పత్రిక జామాలో గూగుల్ గ్లాస్ అనే తెర కళ్లజోడు మీద ఒక చిన్న పరీక్ష వచ్చింది, ముగ్గురి మీదే చేసింది. కుడివైపు పైభాగంలో చూపు కొంతమేర కనపడకుండా పోతోందని, దానికి కారణం తెర మీద కనపడేది కాదు, ఫ్రేము ఆకారమేనని అందులో తేలింది. ముగ్గురితో పెద్ద నిర్ధారణలు చేయలేం, నిజమే. కానీ మన ఊళ్లో ఓవర్‌టేక్ చేసేవాడు ఏ వైపు నుంచి వస్తాడో చెప్పలేం కాబట్టి, ఏ పక్క ఎంత మూసుకుపోయినా నాకు దిగులే.

ఇక కంటి ఫోకస్. దీని మీద కొందరు అవసరానికి మించి భయపెడుతున్నారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల తెర జోడు హోలోలెన్స్ లాంటివాటిలో బొమ్మ సుమారు 2 మీటర్ల దూరంలో ఉన్నట్టు అమరుస్తారు. అక్కణ్ణుంచి దూరంగా వచ్చే లారీ మీదికి చూపు మార్చడానికి కంటికి అర డయాప్టరు పని (అద్దాల పవర్ కొలిచే లెక్క అది). పాతికేళ్ల కుర్రాడికి అది లెక్కలోది కాదు. అసలు చిక్కు కంటిది కాదు, ధ్యాసది.

1980లో నాసా చేసిన పరీక్ష ఒకటి ఈ రంగంలో వాళ్లందరికీ తెలుసు. విమానం ముందద్దం మీదే ఎత్తు, వేగం అంకెలు పడే ఏర్పాటుతో, అనుభవం ఉన్న పైలట్ల చేత సిమ్యులేటర్లో విమానం దించారు. చెప్పకుండా రన్‌వే మీద ఇంకో విమానాన్ని అడ్డం పెట్టారు. కొందరు పైలట్లు దాన్ని గమనించకుండానే దించేయబోయారు. వాళ్ల తలలు పైకే ఉన్నాయి. చూపు నేరుగా రన్‌వే మీదే ఉంది. అంకెలూ రన్‌వే రెండూ ఒకేచోట కనపడుతున్నాయి కాబట్టి రెండూ చూస్తున్నామనే వాళ్ల నమ్మకం. తల దించి మీటరు చూసేవాడు, నేను బయటికి చూడటం లేదు అని తెలిసి మళ్లీ తలెత్తుతాడు. వీళ్లకి ఆ అనుమానమే రాలేదు. తలెత్తుకుని నడవండి అని అమ్మేవాళ్లు ఈ పరీక్ష గురించి ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు.

ఇంకో చిన్న సంగతి, మన ఎండల గురించి. ఇట్లాంటి జోళ్లకి ఎండలో నల్లబడే అద్దాలు కూడా వస్తున్నాయి. ఆ అద్దాలు చల్లటి దేశాల్లో నల్లబడినంతగా మండుటెండలో నల్లబడవు, వేడికి వాటి పని తగ్గిపోతుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం అద్దం పూర్తిగా నల్లబడకపోతే తెర వెలవెలబోతుంది. వెలవెలబోయిన దాన్ని జనం చూడటం మానరు, కళ్లు చిట్లించి ఇంకా గట్టిగా చూస్తారు.

హెచ్చరిస్తే పోలా?

కెమెరా ఉంది, చిప్పు ఉంది, బండి దగ్గరికొస్తే గుర్తుపట్టి హెచ్చరించొచ్చు కదా అని ఆ అబ్బాయే అడిగాడు, కాలికి గుడ్డ కట్టుకుంటూ. మంచి ప్రశ్నే. ఆపిల్ విజన్ ప్రో లాంటి, కళ్లని పూర్తిగా కప్పేసే జోళ్లలో, మనం పూర్తిగా వేరే దృశ్యంలో మునిగి ఉన్నా, మనిషి దగ్గరికొస్తే ఆ మనిషి రూపం దృశ్యాన్ని చీల్చుకుని కనపడుతుంది. ఇంట్లో సోఫాలో కూర్చున్నవాడికి అది చక్కగా సరిపోతుంది. అక్కడ ఇబ్బంది కనపడకపోవడం, కనపడేట్టు చేస్తే తీరిపోతుంది. మన అబ్బాయికి బండి మొదటినుంచీ కనపడుతూనే ఉంది కదా.

పైగా దగ్గర అంటే ఎంత దగ్గర? సాయంత్రం చిన్నబజారులో నడిచి చూడండి. స్కూటరు హ్యాండిలు మోచేతికి రాసుకుంటూ పోతుంది, వెనక ఆవు ఊపిరి మెడకి తగులుతుంది, ముందు ఎవరో బియ్యం బస్తా భుజాన వేసుకుని వెనక్కి వెనక్కి నడుస్తుంటారు. జానెడు సందు దొరికితే చాలు, మనవాళ్లు దూరిపోతారు. రెండు మీటర్లకి హెచ్చరించేలా పెడితే ఆ కళ్లజోడు బజారు మొదట్నుంచి చివరిదాకా మొత్తుకుంటూనే ఉంటుంది. అరమీటరుకి పెడితే అది నోరు తెరిచేలోపు చక్రం కాలి మీద ఉంటుంది. హారన్ని బట్టి గుర్తుపట్టమందామా అంటే, మన దగ్గర హారన్ అంటే వస్తున్నాననీ, పోతున్నాననీ, పక్కకి జరగమనీ, ఏం మామా బాగుండావా అనీ. కొత్తగా వచ్చిన బ్యాటరీ ఆటోలేమో చప్పుడే చేయవు.

ఎప్పుడూ మోగే హెచ్చరికని జనం ఏం చేస్తారో మనకి బాగా తెలుసు. సీటు బెల్టు పెట్టుకోకపోతే కారు మోగుతుంది కదా, ఆ మోత ఆపడానికి బకిల్లో గుచ్చే క్లిప్పులు ఆన్‌లైన్లో హాయిగా అమ్మారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఈ-కామర్స్ కంపెనీలకి వాటిని తీసేయమని ఆదేశాలివ్వాల్సొచ్చింది. వీధుల్లో తిరుగుతూ ఫోనులో ఆడే పోకెమాన్ గో ఆట కూడా అంతే. 2016లో వచ్చినప్పుడు తెరవగానే చుట్టూ చూసుకోండని చెప్పేది. వేగంగా కదులుతుంటే నువ్వు నడుపుతున్నావా అన్నట్టు అడిగి, "నేను ప్యాసింజర్ని" అనే బటను ఒకటి పెట్టారు. నొక్కితే అయిపోయింది. వాళ్ల బాధ్యత తీరింది, మన దారి మనది.

అన్నిటికంటే పెద్ద తిరకాసు ఇంకోటుంది. తెర మీద చదువుతూ పరధ్యానంగా ఉన్నవాడికి, అదే తెర మీద ఇంకో అక్షరాల వరుస వేసి "జాగ్రత్త" అని చెప్పడం. వాడి కళ్లు బండి మీదికి పోవు, ఆ అక్షరాల మీదికే పోతాయి.

ఆరిపోవాలి, వెలగాలి

నేను కోరేది చాలా చిన్నది. ఒకటి, పెట్టుకున్నవాడు నడక మొదలుపెట్టగానే తెర దానంతటదే ఆరిపోవాలి, నిలబడితే వెలగాలి. కదలికని పసిగట్టే సెన్సరు మామూలు ఫోనులోనే ఉంది, కళ్లజోడుకి అదేం కొత్త విద్య కాదు. రెండు, తెర వెలుగుతున్నంతసేపూ ఫ్రేము ముందు ఒక చిన్న లైటు వెలగాలి, ఎదుటివాడికి పదడుగుల నుంచి కనపడేంత.

ఈ రెండోదానికి నమూనా ఇప్పటికే ఉంది. మెటా రేబాన్ కళ్లజోళ్లలో కెమెరా తిరుగుతుంటే ముందు లైటు వెలుగుతుంది. 2023లో వచ్చిన మోడల్లో దాన్ని ఇంకొంచెం పెద్దది చేశారు, లైటుకి ఏదైనా అడ్డం అంటిస్తే కెమెరా పనిచేయకుండా చేశారు. ఎదుటివాళ్లకి తెలియాల్సిన హక్కు ఉందని ఒప్పుకున్నట్టే కదా. అదే కంపెనీ 2025 సెప్టెంబరులో తెర ఉన్న మోడలు ప్రకటించినప్పుడు, తెర వెలుతురులో 2 శాతమే బయటికి పోతుందని గొప్పగా చెప్పుకుంది. నన్ను వీడియో తీస్తుంటే నాకు తెలియాలి గానీ, నన్ను చూడకుండా నా మీదికి వస్తుంటే తెలియక్కర్లేదా?

నేను ఏం చదువుకుంటే ఎదుటివాడికెందుకు అంటారు. ఏం చదువుతున్నారో లైటు చెప్పదు, చదువుతున్నారని మాత్రమే చెబుతుంది. ఫోను చేతిలో పట్టుకున్న ప్రతివాడూ ఆ మాట ఇప్పటికే లోకానికి చెబుతున్నాడు.

దారి చూపించే బాణం సంగతేమిటి, అది కూడా ఆపేస్తే ఎట్లా అంటారు. నడిచేవాడు మలుపు దగ్గర ఆగి చూసుకోవచ్చు, కొంపలేం మునగవు. బండి నడిపేవాడి విషయంలో నేను మెత్తబడను. ఒంగోలు బైపాసులో గ్రానైటు బ్లాకులు వేసుకొచ్చే ట్రెయిలర్ల మధ్య స్కూటరు నడిపినవాళ్లకి నా మొండితనం అర్థమవుతుంది. చట్టం ఇక్కడ వెనకబడింది. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షనుకి 2019లో చేసిన సవరణ ప్రకారం, నడుపుతూ చేతిలో పట్టుకునే ఫోను లాంటివి వాడటం ప్రమాదకరమైన డ్రైవింగే, మొదటిసారికి 1,000 నుంచి 5,000 దాకా జరిమానా పడొచ్చు. 2020లో రూల్సు మార్చి, ధ్యాస చెడకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఆ పరికరాలు వాడొచ్చన్నారు. రెండుచోట్లా మాట చేతిలో పట్టుకునేదాని గురించే. ముక్కు మీద కూర్చునేది అందులోకి వస్తుందో రాదో వకీళ్లు తేల్చుకుంటారు. హెల్మెట్ అద్దం వెనక ఉన్న కళ్లజోడులో తెర వెలుగుతోందని కానిస్టేబుల్ ఎట్లా కనిపెడతాడు? లైటుంటే కనిపెడతాడు.

ఇంతవరకూ నాకు పెద్ద అనుమానాల్లేవు. అనుమానం మొదలైంది ఒక పాప వల్ల.

ఇంటర్ చదువుతోంది, వినికిడి బాగా తక్కువ, కావలి నుంచి వాళ్ల నాన్నతో కళ్ల నంబరు చూపించుకోవడానికి వస్తుంది. ఎదుటివాళ్ల మాటల్ని అక్షరాలుగా చూపించే కళ్లజోళ్లున్నాయని వాళ్లకి తెలిసింది. కొంటే క్లాసులో పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుందనే చెప్పాను. లెక్చరరు బోర్డు వైపు తిరిగితే పెదాలు చదవలేక మాట పోగొట్టుకునే పిల్లకి, అక్షరాలు కళ్ల ముందే పడితే అంతకంటే కావాల్సిందేముంది. రోడ్డు మీద కూడా, హారన్ ఏ పక్క నుంచి వస్తోందో ఒక చిన్న గుర్తు చూపిస్తే ఆమె ధ్యాస పెరుగుతుందే గానీ తగ్గదు. నడవగానే ఆరిపోవాలనే నా రూలు ఆ పిల్ల చెవిని మూసేస్తుంది.

అప్పుడు రూలు కొంచెం సవరించుకున్నాను. ఇక్కడిది కానిదేదీ నడకలో కనపడకూడదు. ఆఫీసు మెసేజి, వీడియో, క్రికెట్ స్కోరు ఇవన్నీ వేరే ఎక్కడివో. హారన్ ఇక్కడిది, ఎదుటి మనిషి మాట ఇక్కడిది. బాగానే ఉంది అనుకునేలోపే, ముందున్న బిర్యానీ సెంటర్లో ఇవాళ ఆఫర్ అని చూపించి అది కూడా ఇక్కడిదే అనే యాప్ ఒకటి వస్తుందని తట్టింది. వస్తుంది, రాకుండా ఉండదు. ఏది ఇక్కడిదో తేల్చే పని యాపులకి వదిలేయకూడదు. వినికిడికి సాయం చేసే పద్ధతిని తయారీలోనే విడిగా కట్టి ఇవ్వాలి, అందులోకి ఇంకేదీ దూరకుండా.

వాళ్ల నాన్న దగ్గర నేను ఇరుక్కుపోయింది లైటు విషయంలో. ఆయనకి అంతా చెప్పాను, అరటిపళ్ల బండి కథతో సహా. ఆయన ఓపిగ్గా విని, "అంతా బాగానే ఉంది సార్. మా పాప చెవి మిషనే జుట్టు కింద దాచుకుంటుంది. దాని మొహాన లైటు వెలిగిస్తానంటున్నారు మీరు" అన్నాడు. రోడ్డున పోయేవాళ్లకి, ఈ పిల్లకి హారన్ వినపడదని తెలియడం ఆ పిల్లకే మంచిదని ఒకవైపు నా వాదన. అది తెలిసినవాళ్లంతా మంచివాళ్లే అయి ఉండరని ఆయన భయం. ఆడపిల్ల తండ్రికి ఆ భయం ఉండదా? చేతికర్ర పట్టుకోవడానికి సిగ్గుపడి, చూపు బాగా తగ్గినా మామూలుగానే నడిచే ముసలాళ్లని నా షాపులో రోజూ చూస్తుంటాను. వాళ్లకి కర్ర పట్టుకోమని చెప్పినంత తేలిగ్గా ఈ మాట చెప్పలేకపోయాను.

అక్షరాల పద్ధతిలో ఉన్నప్పుడు లైటు వెలగక్కర్లేదు అనేస్తే ఒక దారి. అప్పుడు ప్రతివాడూ నాకు చెవుడే అని ఆ పద్ధతిలో పెట్టుకుని తిరుగుతాడు, ప్యాసింజరు బటనులాగే. ఆ పద్ధతిలో మెసేజీలు, వీడియోలు రాకుండా నిజంగానే కట్టేస్తే దొంగవేషం వేసినా లాభం ఉండదు కాబట్టి, నేను ప్రస్తుతానికి ఆ వైపే మొగ్గుతున్నాను. వచ్చే నెలలో ఆ పాప మళ్లీ నంబరు చూపించుకోవడానికి రావాలి. లైటు ఉండాలా వద్దా అన్నది ఈసారి వాళ్ల నాన్నని కాదు, ఆ పాపనే అడుగుతాను.